సొంత కప్పు కింద భుయ్యాడీహ్ దాకా

నా బండిలో గ్యాసు పొయ్యి ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది, కుడివైపొకటి ఎడమవైపొకటి కిటికీల పక్కన రెండు బెర్తులున్నాయి. ఇవన్నీ మా బావ అన్న ఒక్క మాట వల్ల వచ్చాయి.

మా అప్పని, అంటే అక్కని, జంషెడ్‌పూర్‌లో ఇచ్చారు. శ్రీకాకుళం వాళ్ళం కాబట్టి అప్ప అనే పిలుస్తాం. బావ గోల్‌మురిలో రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్లో కాపురం. వాళ్ళబ్బాయి పెళ్ళికి నేనూ నా భార్య రత్నమూ మేం ఉంటున్న సముద్రపొడ్డు భీమిలి నుంచి వెళ్ళాం. బావ తమ్ముళ్ళకి గదులిచ్చారు. బావతో డ్యూటీ చేసేవాళ్ళకి గదులిచ్చారు. పెళ్ళికొడుకు మేనమామనైన నాకు వెనక వరండా చూపించారు. ఆ రాత్రి వాన పడి వరండా కప్పు ధారగా కారింది. రత్నం పక్కబట్టలు ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దున్న కాఫీల దగ్గర బావ అందరి ముందూ, "భీమిలోళ్ళు కదా, నీళ్ళు ఈళ్ళకి అలవాటే" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను.

ఇక ఆ ఇంటి కప్పు కింద కన్ను మూయనని అప్పుడే అనుకున్నాను. గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఒక స్కూలు అమ్మేస్తున్న పాత మినీబస్సు కొని హైవే పక్క షెడ్డులో ఇల్లుగా మార్పించాను. ఎవరింటికి వెళ్ళినా నా కప్పు నాతోనే ఉంటుంది. రత్నం ఎడమ బెర్తు కోరుకుంది. అరకు ఒకసారి, పూరీ ఒకసారి వెళ్ళొచ్చాం. ఆ తర్వాత రత్నం పోయింది.

మొన్న శ్రావణంలో అప్ప ఫోను చేసింది. భుయ్యాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నారట, గృహప్రవేశమట. "మేడమీద గది నీ కోసమే ఏయించినాను. వచ్చి పడుకుంటావా, లేదా?" అని అడిగింది. వస్తానన్నాను. రెండో దానికి జవాబు చెప్పలేదు. వెళ్ళాలి, భోజనం చెయ్యాలి, వాళ్ళ కప్పు కింద మాత్రం నిద్రపోకూడదు. ఈ ప్రయాణంలో నాకున్న పంతం అదొక్కటే.

బయల్దేరే ముందు

ఇలాంటి బండి కొనుక్కోవాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకెవరూ చెప్పలేదు. మామూలు ఇల్లు కదలదు. పగిలితే ఒకచోట పగులుతుంది, మేస్త్రీ వచ్చి పూడుస్తాడు. బండి ఇల్లు ప్రతి గతుకుకీ ఒళ్ళు విరుస్తుంది. కప్పు రేకులు కలిసేచోటా, గాలి కోసం పెట్టిన మూత చుట్టూ, కిటికీ ఫ్రేముల చుట్టూ పూసిన సీలెంటు ఆ విరుపులకి వెంట్రుకంత బీట వారుతుంది. ఎండకి రబ్బరు బీడింగు గట్టిపడి ముడుచుకుపోతుంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి నిచ్చెన వేసుకుని కప్పంతా వేలితో తడిమి చూడాలి.

షెడ్డువాడు ఈ సంగతులేవీ చెప్పకుండా తాళాలు చేతిలో పెట్టాడు. నేను మూడోసారి ఫిర్యాదు చేశాకే, పాత సీలెంటు గీకి తీసి, స్పిరిటుతో తుడిచి, ఆరాక కొత్తది పూయాలని, పాతదాని మీద పూస్తే పట్టదని ఫోనులో చెప్పాడు. అది కూడా విసుగ్గా చెప్పాడు. ఆ విసుగు గుర్తుంది.

అందుకని ఈసారి ఎవరినీ నమ్మలేదు. వారమంతా బండి మీదే ఉన్నాను. గీకాను, తుడిచాను, సీలెంటు గన్నుతో కప్పంతా తిరిగి పూశాను. అక్కడితో ఆగక కిటికీల దగ్గరికొచ్చాను. కనబడ్డ ప్రతి సందూ, ప్రతి కన్నమూ పూడ్చేశాను. కప్పు మీద బకెట్లతో నీళ్ళు పోసి లోపల టార్చి వేసి చూశాను. చుక్క దిగలేదు. చూపించడానికి ఎవరూ లేక, బెర్తుల మధ్య నిలబడి నాకు నేనే బాగుందని చెప్పుకున్నాను.

పానికోయిలి: రెండో పడక

ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారిపోతాయి. మన లిపిలాగే అనిపిస్తాయి కానీ చదవబోతే ఒక్కటీ లొంగదు. బంధువుల పెళ్ళిలో గుర్తుపట్టనట్టు తిరిగే వాళ్ళలాగా ఉంటాయి.

రసగుల్లాలకి పేరుపడ్డ పహాళా దగ్గర ఆగాను. మనవైపు తెల్లగా బిగువుగా ఉంటాయి, ఇక్కడివి లేత గోధుమరంగులో నోట్లో పెట్టగానే విడిపోతాయి. కొట్టువాడు దొన్నెలో నాలుగు వేసి యాభై తీసుకున్నాడు. రెండు తిన్నాను. ఇంకో రెండు అలవాటుగా మిగిల్చి, మూతపెట్టి బండిలో దాచాను. మర్నాడు పులిసిపోయాయి.

పానికోయిలి దగ్గర ధాబాలో ఒక ఒడియా లారీ డ్రైవరు నా బండి లోపల చూస్తానన్నాడు. చెప్పులు బయట విడిచి ఎక్కాడు. గుడిలోకి వచ్చినంత మర్యాదగా పొయ్యినీ, సింకునీ, దుప్పట్లనీ చూశాడు. ఎడమ బెర్తు చూసి, ఇది ఎవరిదని హిందీలో అడిగాడు. సామాన్లకి అన్నాను. దాని మీద సామాన్లేవీ లేవు. అతను ఇంకేం అడక్కుండా దిగిపోయి, నా టీకి కూడా తనే డబ్బులిచ్చాడు. వద్దన్నా వినలేదు. నా మీద జాలిపడ్డాడని టీ తాగాక గానీ నాకు తట్టలేదు. తట్టాక, ఆ టీ బాగాలేదని నిర్ణయించుకున్నాను.

రాయరంగపూర్: తడి

కేంఝర్ దాటాక వాన పట్టుకుంది. రోడ్డుకి రెండువైపులా సాల చెట్లు, ఎర్రమట్టి, ఆ మట్టి లారీల నుంచి రాలి రాలి తారు మీద కూడా ఎరుపు. మన ఘాట్ రోడ్డులో అయితే వాన పడితే నలుగురు ఒకచోట ఆగి బజ్జీలు వేయించుకుంటారు. ఇక్కడ వాన పడితే మనుషులు మాయమవుతారు. చాలాదూరం నా వైపరు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

రాయరంగపూర్ చేరి రోడ్డువార బండి ఆపి వెనక్కి వెళ్ళేసరికి ఎడమ బెర్తు తలవైపు తడిగా ఉంది. అరచెయ్యి పెట్టి నొక్కితే పరుపులోంచి నీళ్ళు ఊరాయి. పక్కనున్న ప్లైవుడ్ గోడని బొటనవేలితో నొక్కాను. నానిన అట్టలా మెత్తగా లోపలికి పోయింది. కుడి బెర్తు పొడిగానే ఉంది.

షెడ్డువాడికి ఫోను చేశాను. ఎత్తలేదు. వాన కాస్త తెరిపిచ్చాక కప్పెక్కి ఎడమవైపు అంచంతా మళ్ళీ సీలెంటు పూశాను. తడి మీద పూస్తే నిలవదని తెలుసు. తెలిసినా పూశాను. ఊరికే కూర్చోవడం కన్నా అది నయమనిపించింది.

పక్కన హోటలని బోర్డు లేని హోటలుంది. నడిపే ఆవిడ పళ్ళెం నిండా మరమరాలు పోసి, మీద మాంసం పులుసు వేసి ఇచ్చింది. మన దగ్గర మరమరాలు పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్దల భోజనం. తినగా తినగా అది నచ్చింది. నేను తడిసి ఉండటం చూసి ఆవిడ ఒక తువ్వాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. మా ఇద్దరికీ కలిసే భాష ఏదీ లేదు. నాకు ఏ ఫిర్యాదూ మిగల్చని మనిషి ఈ దారిలో ఆవిడ ఒక్కతే.

టాటానగర్ స్టేషను ముందు

జంషెడ్‌పూర్‌లోకి స్టేషనువైపు నుంచి వచ్చాను. పెద్దబండి వెళ్ళే దారి చెప్పమని ఒక కుర్రాణ్ణి తెలుగులో అడిగాను. మెళ్ళో అప్పన్నస్వామి బొమ్మ ఉన్న లాకెట్టు చూసి మనవాడే అనుకున్నాను. మనవాడే. కానీ జవాబంతా హిందీలో ఇచ్చాడు. పక్కనున్న వాళ్ళ తాత, రైల్వేలో చేసి రిటైరయిన మనిషి, "ఆడికి ఇనడం వచ్చు, అనడం రాదు బాబూ" అని సర్ది, దారి తనే చెప్పాడు. ఎవరింటికని అడిగాడు. చెప్పాను. ఎన్నాళ్ళకొచ్చారని అడిగాడు. పెళ్ళయ్యాక ఇదే రావడమన్నాను. ఏ పెళ్ళని అడగలేదు. అడిగితే మొత్తం చెప్పేవాణ్ణి.

ఈ ఊళ్ళో పొద్దువాలాక ఒక్కోసారి ఒక దిక్కున ఆకాశం ఎర్రబడుతుంది. ఉక్కు కర్మాగారంలో కొలిమి నుంచి తీసిన కాగే మడ్డి పారబోస్తారట. పెళ్ళికి వచ్చినప్పుడు రత్నం అది చూసి ఏ ఇల్లో కాలుతోందని భయపడింది. ఈసారి సాక్చీ దాటుతుంటే కనబడింది. నా పక్క సీటు ఖాళీ. వైపరు వేసుకున్నాను.

భుయ్యాడీహ్: మేడ మెట్లు

భుయ్యాడీహ్ సందులు మినీబస్సుకి పుట్టినవి కావు. సీతారాండేరా నుంచి వచ్చే రోడ్డుమీద, సందు మొదట్లోనే ఆపాల్సొచ్చింది. రోడ్డు నదివైపు వాలుగా ఉంది. బండి ఎడమకి ఒరిగి నిలబడింది.

అప్ప వానలోనే ఎదురొచ్చింది. జుట్టంతా తెల్లబడింది. నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, చిక్కిపోయావంది. బావ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, లేవలేదు. మోకాళ్ళు పోయాయని అప్ప చెప్పింది. మోకాళ్ళు బాగున్న రోజుల్లో కూడా లేవలేదని నేను గుర్తుచేసుకున్నాను.

"ఏటి సూరీ, ఇల్లు మోసుకొచ్చీసేవా? నత్తలాగ?" అన్నాడు బావ.

వచ్చీరాగానే ఒకటి. జమ కట్టుకున్నాను.

అప్ప తిన్నగా మేడమీద గదికి తీసుకెళ్ళబోయింది. నేను కింద మెట్టు దగ్గరే ఆగిపోయి, బండిలో పడుకుంటానన్నాను. ఆమె నా వంక చూసి, పెళ్ళి సంగతా అని అడగలేదు. "నీ ఇష్టంరా" అని దిగిపోయింది. ఆ రాత్రి కుడి బెర్తు మీద పడుకున్నాను. నది వాసన, తడి ప్లైవుడ్ వాసన. మర్నాడు లేచి చూస్తే ఎడమ పరుపు నడుము దాకా తడిసింది.

గృహప్రవేశం రోజు

ఆవు గడప ఎక్కనంది. మన పల్లెల్లో ఆవుకి అరుగులు అలవాటు. ఇక్కడ ఖాటాల్ నుంచి, అంటే పాలవాళ్ళ పశువుల కొట్టం నుంచి తెచ్చిన పాలావు, కొత్త టైల్సు చూసి బెదిరింది. బెల్లం చూపిస్తే ముందుకాళ్ళు లోపల పెట్టి అక్కడే ఆగింది. పంతులుగారు చాలన్నారు. పాలు పొంగాయి. భోజనాల్లో పప్పు, పులిహోర, బంగాళాదుంప వేపుడు మనవే, కానీ అన్నిట్లోనూ ఆవనూనె. ముక్కులో ఘాటు తగిలి కళ్ళలో నీళ్ళొచ్చాయి. పక్కవాళ్ళు నేను ఏడుస్తున్నాననుకుని చెల్లాయి పోయిందట కదా అని పలకరించారు. వాళ్ళు నా భార్యని చెల్లాయి అనేవాళ్ళు. ఆవనూనె అని నేను చెప్పలేదు.

మధ్యాహ్నం వాన మళ్ళీ మొదలైంది. నేను వెళ్ళి బండిలో కూర్చున్నాను. ఈసారి నా కళ్ళ ముందే నీళ్ళొచ్చాయి. కప్పు నుంచి కాదు. కిటికీ అద్దం జరిగే గాడిలోంచి, నిండిన చెంబు పొర్లినట్టు, మెల్లగా లోపలికి పొర్లి పరుపు మీద పడుతున్నాయి. తువ్వాలు కుక్కాను. నిమిషాల్లో అది నానిపోయింది. తీసి పిండాను, మళ్ళీ కుక్కాను.

బండి తలుపు చప్పుడైంది. బావ గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, మూలుగుతూ మెట్టెక్కాడు. అప్ప పంపిందేమో. నన్నూ తువ్వాలునీ చూసి కుడి బెర్తు మీద కూలబడ్డాడు. నేను సిద్ధంగా ఉన్నాను. నీళ్ళు అలవాటే కదా అంటాడు, అంటే ఏమనాలో నా దగ్గర ఇన్నేళ్ళుగా తయారుగా ఉంది.

అతను అది అనలేదు. కిటికీ గాడి వైపు చాలాసేపు చూశాడు.

"ఈ గాడిలో నీళ్ళు బయటికి పోడానికి కన్నాలుండాల కదా. ఏవి?"

"ఫ్రేము కింద బయటివైపు ఉండేవి. మూసేశాను. నీళ్ళు లోపలికి రాకుండా."

గాడిలోకి వాననీళ్ళు చేరడం మామూలేనట. ఆ సన్నని కన్నాల్లోంచి బయటికి జారిపోవాలి. అవి మూస్తే గాడి తొట్టి అవుతుంది. బండి ఎటు ఒరిగితే అటు నిండి లోపలికి పొర్లుతుంది. రోడ్లన్నీ అంచువైపు ఎడమకే వాలుతాయి కాబట్టి ఎడమ బెర్తే తడుస్తూ వచ్చింది. కన్నాలు దేనికో చెప్పడం షెడ్డువాడి పని. ఈ మాట ఇప్పటికీ అంటాను.

బావ నవ్వుతాడని చూశాను. నవ్వలేదు.

"నేనూ అదే సేసినాను" అన్నాడు.

"ఎక్కడ?"

"గోల్‌మురి క్వార్టర్లో. పెళ్ళికి. వెనక వరండా కప్పు తూము నీళ్ళు తిన్నగా వంటోళ్ళ పొయ్యిల మీద పడతాయని, గోనె కుక్కీసి సిమెంటు పెట్టీసేను. మరి ఆ నీళ్ళు ఎటు పోతాయి? కప్పు మీద నిలిసి, బీటలోంచి మీ మీద పడినాయి."

నేను తువ్వాలు మళ్ళీ తీసి పిండాను.

"నీళ్ళు అలవాటే అన్నావు" అన్నాను.

"మరేటనాల, నలుగురి ముందర? తూము నేనే మూసీసేనని అనాలా?"

"అనాలి."

"ఇప్పుడన్నాను కదా."

"ఇప్పుడు వినడానికి రత్నం లేదు."

బావ తల దించుకుని ఎడమ బెర్తు వంక చూశాడు. తర్వాత చెయ్యి చాపి, సన్న స్క్రూడ్రైవరు ఏదైనా ఉందా అన్నాడు. ఇచ్చాను. ఆ మోకాళ్ళతోనే కిందికి దిగి, వానలో కిటికీ దగ్గర ఒంగుని, నేను పూసిన సీలెంటుని పొడిచి తీయడం మొదలెట్టాడు. గొడుగు నేను పట్టుకున్నాను. అది సగం అతని మీదా సగం నా మీదా ఉంది. మొదటి కన్నం తెరుచుకోగానే ఎర్రమట్టి నీళ్ళు చిమ్మి అతని పంచె మీద పడ్డాయి. గృహప్రవేశానికి కట్టిన కొత్త పంచె. రెండో కన్నం దగ్గరికి జరిగాడు.

పరుపు ఆరేదాకా

అప్ప వచ్చి నన్ను అడక్కుండానే పరుపు సగం మడిచి ఎత్తింది. రెండో కొస నేను పట్టుకోక తప్పలేదు. మెట్ల మీద నీళ్ళు కారుస్తూ మేడమీదికి తెచ్చి, గది మధ్య నేలమీద పరిచి ఫ్యాను వేసింది.

గదిలో వెడల్పాటి మంచం, రెండు తలగడలు. కిటికీ సువర్ణరేఖ వైపు. వానకి నది మట్టిరంగులో నిండుగా ఉంది.

"కిటికీ ఇటు ఎట్టమన్నది రత్నమే" అంది అప్ప. "పునాదులప్పుడు ఫోను సేసినాది. 'వదినా, నీళ్ళు కనపడాల, నీళ్ళు దిగకూడదు' అన్నాది."

నాతో అనలేదు. నాకు తెలియకుండా ఫోను చేసింది. దాని మీద కోపం తెచ్చుకోవాలని చాలాసేపు కూర్చున్నాను. అప్ప కిందికి వెళ్ళిపోయింది. ఫ్యాను గాలికి తడి పరుపు నుంచి రాయరంగపూర్ మట్టి వాసన వచ్చింది. దాని పొడికొస మీద కాస్త ఒరిగాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గది చీకటి పడుతోంది. ఎవరో నా మీద దుప్పటి కప్పారు.

కిందికి దిగితే బావ టీ తాగుతున్నాడు. "నిద్ర పట్టినాదేటి?" అన్నాడు.

"పరుపు నాది" అన్నాను.

అతను తలూపి బిస్కెట్ల పళ్ళెం నావైపు జరిపాడు. శ్రావణంలో పరుపు ఆరడం అంత తేలిక కాదు. అది పూర్తిగా ఆరేదాకా ఆ గదిలోనే ఉన్నాను. మంచం మాత్రం ఎక్కలేదు.

తిరుగుదారి

మెత్తబడ్డ ప్లైవుడ్ కోయించి కొత్తది వేయించాలి. ఫ్రేము చుట్టూ బీడింగు మార్పించాలి. ఆ కన్నాల్ని వానాకాలం ముందు పుల్లతో శుభ్రం చేసుకోవాలి. బండి ఇల్లు కట్టించుకునే వాళ్ళెవరైనా ఈ మాట గుర్తుపెట్టుకుంటే నా ఖర్చు వృథా కాదు.

కేంఝర్ ఘాటీ ఎక్కేముందు పెద్దవాన వచ్చింది. బండి రోడ్డువార ఆపాను. ఎడమకి ఒరిగింది. వెనక్కి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాను. గాడిలో నీళ్ళు చేరడం, నిలవకుండా కన్నాల్లోంచి బయటికి పోవడం కనబడింది. పరుపు మీద చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. పక్కన చెప్పడానికి ఎవరూ లేరు. కొంతసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచాను.

తర్వాత అప్పకి ఫోను చేశాను. బావ ఎత్తాడు.

"కారుతున్నాదా?"

"లేదు."

"మరి ఫోనేల సేసినావు?"

ఆ అడిగిన తీరు నాకు గుచ్చుకుంది. పెట్టేద్దామనుకున్నాను. అవతల వాళ్ళింటి మేడ మీద కూడా వాన పడుతున్న చప్పుడు ఫోనులో వినబడింది. బావ కూడా పెట్టెయ్యలేదు. ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని, వాన తగ్గేదాకా అలాగే ఉన్నాం.